ఇరువదింట పందొమ్మిది

పండుగ తగ్గింపుల దినములలో టెలివిజన్ దుకాణమునకు పోయిన గృహస్థుడు, అచ్చట గోడపొడవునా వెలుగుచున్న తెరలపై నెమలిపురిని, జలపాతమును, కోసిన దానిమ్మగింజలను చూచి ముగ్ధుడై, ‘4కె’ అను ముద్రగల పెట్టెను వాయిదాలపై కొనితెచ్చి, పాత కేబులు కనెక్షనునే దానికి తగిలించి, ముఖములు అలికినట్లున్నవేమని విస్తుపోవుట నేడు సర్వసాధారణమైనది.

లోపము తెరది కాదు. 4కె తెరపై అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి 82,94,400 చుక్కలు గలవు. మన సాధారణ ప్రసారమున 720, 576 చొప్పున 4,14,720కి మించి యుండవు. అనగా ప్రతి యిరువది చుక్కలలో పందొమ్మిదింటిని టెలివిజనే ఇరుగుపొరుగు చుక్కల రంగులనుబట్టి ఊహించి పూరించుకొనవలెను. ఎంత తెలివిగల యంత్రమైనను రాని వివరమును రప్పింపజాలదు గదా!

హెచ్.డి. ఛానెళ్లలో సైతము పెక్కు, 1080 గీతలను ఒక్కుమ్మడిగా గాక, బేసి గీతలొకసారి, సరి గీతలొకసారి, సెకనునకు 50 మార్లు పంపును. అందుచేతనే క్రికెట్ బంతి వెంట దువ్వెనపళ్లవంటి అంచులు ఒక్కొక్కప్పుడు కనబడును. ‘హెచ్.డి. రెడీ’ తెరల సంగతి మరింత విచిత్రము: పెక్కింటి కొలత 1366, 768, ఏ ప్రసారమును దానికి సరిపడదు, సాగదీయవలె, లేదా కుదింపవలె.

అంకెను పెద్ద అక్షరములతో అచ్చొత్తు వర్తకులు, ‘మీ యింట ఏ ప్రసారము వచ్చును? ఎంత దూరమున కూర్చుందురు?’ అని యడుగరు. పది అడుగుల దూరమునుండి చూచువారికి 43 అంగుళముల తెరపై 1080కిని 2160కిని భేదము దాదాపు తెలియదు. నా మట్టుకు నేను, ఆ యదనపు ధనముతో ముందు హెచ్.డి. సెట్‌టాప్ బాక్సును, హెచ్.డి. ఛానెళ్ల చందాను తీసికొనుమందును.