విమర్శకుల మాట నమ్మవచ్చునా?

పిల్లలూ! కొత్త వీడియో గేమ్‌కు విమర్శకులు పదికి తొమ్మిది మార్కులిస్తే వెంటనే కొనిపెట్టమని నాన్నను వేధిస్తారా? ఒక్క క్షణం ఆగి, ఈ సంగతి వినండి.

2020 డిసెంబరు 10న 'సైబర్‌పంక్ 2077' అనే పెద్దల ఆట విడుదలయింది. అంతకు ముందే చాలామంది విమర్శకులు దానిని మెచ్చుకున్నారు. వారు అబద్ధమాడలేదు. కాని కంపెనీ వారికి ముందుగా ఇచ్చింది కంప్యూటర్‌పై ఆడే ఆట మాత్రమే. ప్లేస్టేషన్ 4 కోసం కొన్నవారికి ఆట మాటిమాటికీ మధ్యలో ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ కంపెనీ దానిని తన ఆన్‌లైన్ దుకాణం నుంచి తీసివేసి, డబ్బు వాపసు ఇస్తామన్నది. లోపాలు కొంత సరిదిద్దాక, 2021 జూన్‌లో మళ్ళీ అమ్మకానికి పెట్టింది.

కనుక విమర్శ తప్పక చదవండి. అయితే మార్కులు చూసి మురిసిపోక, "వీరు ఏ యంత్రం మీద ఆడి చూశారు? మన ఇంట్లో ఉన్నది అదేనా?" అని కూడా ఆలోచించండి.