నక్షత్ర కాక్టస్: ఒక్క మొక్క చాలదు

అరుదైన ఎడారి మొక్కలను ఇంట్లో పెంచదలచిన వారికి మనమిచ్చే సలహా నీరు, ఎండ, మట్టి మిశ్రమం వద్దనే ఆగిపోరాదు. మొక్క ఎక్కడినుండి వచ్చిందన్న ప్రశ్నతోనే అది మొదలు కావాలి.

ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియస్ ఇందుకు తగిన ఉదాహరణ. ముళ్లు లేని ఈ చిన్న కాక్టస్‌కు దక్షిణ టెక్సాస్, ఈశాన్య మెక్సికో సహజ ఆవాసాలు. పొదభూములు సాగులోకి రావడం, సేకర్తలు మొక్కలను పెకలించుకుపోవడం వల్ల ఇది క్షీణించింది. 1993లో అమెరికా దీనిని అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. సహజ ఆవాసం నుండి సేకరించిన మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నిషేధించింది.

సంరక్షణ కష్టం కాదు. కాండంపై గల రంధ్రాలు ప్రధానంగా రాత్రివేళ తెరుచుకోవడం వల్ల నీటి నష్టం స్వల్పం. గరుకు ఇసుక, గులక అధికంగా గల మిశ్రమంలో నాటి, అది పూర్తిగా ఆరిన తరువాతనే నీరు పోయాలి. మన వర్షాకాలంలో కుండీని వాన పడనిచోట ఉంచకపోతే వేరుకుళ్లు తప్పదు.

అయితే ఈ జాతిలో స్వపరాగ సంపర్కం వల్ల విత్తనం కట్టదు. ఒంటరి మొక్క ఎంత ఆరోగ్యంగా ఉన్నా అలంకారమే. జన్యుపరంగా భిన్నమైన రెండు మొక్కలు ఒకేసారి పూసినప్పుడు మెత్తని కుంచెతో పుప్పొడిని మార్చితే విత్తనం లభిస్తుంది. అది కొద్ది రోజులలోనే మొలకెత్తినా, మొక్క పూతకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ జాప్యాన్ని భరించలేని కొనుగోలుదారుడే పెకలించిన మొక్కకు గిరాకీ కల్పిస్తున్నాడు.

కనుక విత్తనం నుండి పెరిగిన మొక్కనే కొనడం, జంటగా పెంచడం, విత్తనం పంచుకోవడం మన విస్తరణ పాఠంలో భాగం కావాలి.