తాయ్ చీ సంగతి: సంచిలో రెండు తూకపు రాళ్ళు ఉండకూడదు



"అయ్యగారూ, తాయ్ చీ చేయవచ్చా?" అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళు అక్కడ చూసి అడుగుతున్నారు. ఇక్కడివాళ్ళు ఫోన్లో వచ్చిన మెసేజీలు చూసి అడుగుతున్నారు. ఆ మెసేజీలు రెండు రకాలు. "చీ శక్తి జబ్బులన్నిటినీ పోగొడుతుందని అమెరికా డాక్టర్లే నిరూపించారు, క్లాసులో చేరండి" అనేది ఒకటి. "అది సాతాను ఉచ్చు, చేతులు అలా తిప్పితే చాలు దురాత్మలు చేరతాయి" అనేది రెండోది. రెండూ నమ్మకంగానే మాట్లాడుతున్నాయి. నేను చెప్పేది ఒక్కటే: రెండూ అబద్ధ సాక్ష్యమే.

ఎందుకంటున్నానో చెబుతాను. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞ కోర్టు బోనులో నిలబడ్డవాడికి మాత్రమే అనుకుంటాం. కానీ ఒక జబ్బు మనిషికి "దీనివల్ల నయమవుతుందట" అని మనం చెప్పే మాట కూడా సాక్ష్యమే. ఆ మాట మీద ఆనుకుని అతను మాత్ర మింగడమో మానేయడమో జరుగుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ చెబితే ఒక ప్రాణం నష్టపోతుంది, తక్కువ చెబితే ఇంకో ప్రాణం నష్టపోతుంది. కొనేటప్పుడు ఒక రాయి, అమ్మేటప్పుడు ఒక రాయి వాడే వర్తకుణ్ణి ధర్మశాస్త్రం ఎందుకు అంత గట్టిగా గద్దించిందో ఇక్కడ అర్థమవుతుంది.

ముందు ఆ తాయ్ చీ ఏమిటో తెలుసుకుందాం. చైనాలో హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ళు ఉండే ఒక పల్లెలో కొన్ని వందల ఏళ్ళ కిందట పుట్టిన యుద్ధవిద్య అది. మోకాళ్ళు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి నిదానంగా మారుస్తూ, నడుము తిప్పుతూ, చేతులను దానికి తగ్గట్టు కదుపుతారు. ఇవ్వాళ లోకమంతా ఎక్కువగా నేర్చుకునే 24 భంగిమల వరుసను 1956లో చైనా ప్రభుత్వ క్రీడా సంఘం ప్రజల ఆరోగ్యం కోసం తయారు చేయించింది. దాని వెనుక "చీ" అనే ప్రాణశక్తి ఒంట్లో ప్రవహిస్తుందన్న పాత చైనా తలంపు ఉంది. ఆ కదలిక ఒకటి, ఆ తలంపు ఒకటి. ఈ రెండిటినీ విడివిడిగా తూయాలి. మనవాళ్ళు తప్పుతున్నది అక్కడే.

కదలికను తూచినవాళ్ళు ఉన్నారు. అట్లాంటాలో 1996లో, 70 ఏళ్ళు, ఆపైబడ్డ 200 మందితో ఒక పరీక్ష జరిగింది. 15 వారాలు తాయ్ చీ నేర్చుకున్నవాళ్ళలో మళ్ళీ మళ్ళీ పడిపోయే ప్రమాదం 47.5 శాతం తగ్గింది. ఆరెగాన్‌లో ఫూజాంగ్ లీ అనే పరిశోధకుడి బృందం 2012లో, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బు ఉన్న 195 మంది మీద చేసిన పరీక్షను ప్రచురించింది. తాయ్ చీ చేసినవాళ్ళు నిలకడగా నిలబడటంలో మిగతా రెండు గుంపులకంటే మెరుగయ్యారు. అదే బృందం 2018లో, అప్పటికే పడినవాళ్ళు లేక నడక తడబడుతున్నవాళ్ళు 670 మంది వృద్ధులతో చేసిన పరీక్షను వెలువరించింది. ఆరు నెలల్లో, ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసిన గుంపుతో పోలిస్తే తాయ్ చీ గుంపులో పడిపోవడాలు 58 శాతం తక్కువ. బోస్టన్‌లో చెన్‌చెన్ వాంగ్ అనే వైద్యురాలు, మోకాళ్ళు అరిగిన 204 మందిలో కొందరికి తాయ్ చీ, కొందరికి ఫిజియోథెరపీ ఇచ్చి 2016లో ఫలితం చెప్పారు. 12 వారాల తరువాత రెండు గుంపులకూ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది.

ఇవి చిన్న సంగతులా? కాదు. లోకంలో ఏటా సుమారు 6,84,000 మంది కింద పడి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అందులో ఎక్కువమంది మనలాంటి బీద, మధ్య ఆదాయ దేశాలవాళ్ళే. స్నానాల గదిలో కాలుజారి తుంటి ఎముక విరిగితే, ఆ పెద్దావిడ మంచం పడుతుంది. ఆమెతోపాటు ఇల్లంతా మంచం పడుతుంది. పడకుండా ఆపగలిగేది ఏదైనా గౌరవంగా చూడవలసిందే.

అయితే తూకం ఇక్కడితో ముగించేస్తే మనమూ దొంగ రాయి వాడినట్టే. నెదర్లాండ్స్‌లో 2009లో 269 మంది వృద్ధులతో చేసిన పరీక్షలో తాయ్ చీ వల్ల పడటం తగ్గలేదు. న్యూజిలాండ్‌లో 2012లో 684 మందితో చేసినప్పుడు తాయ్ చీ గుంపులోనూ, తేలికపాటి వ్యాయామం చేసిన గుంపులోనూ పడటం ఒకేలా తగ్గింది. వణుకు జబ్బు వాళ్ళ పరీక్షలో కూడా, బరువులతో కండలకు బలం పెంచుకున్న గుంపుకంటే తాయ్ చీ గుంపు తక్కువ పడిందని తేలలేదు. 108 పరీక్షలను ఒకచోట చేర్చి చూసిన కొక్రేన్ సమీక్ష 2019లో వచ్చింది. ఏ వ్యాయామమైనా కలిపి చూస్తే పడటం 23 శాతం తగ్గింది. నిలకడ పెంచే వ్యాయామాలతో 24 శాతం తగ్గింది. తాయ్ చీతో 19 శాతం తగ్గవచ్చు అన్నారు. "తగ్గవచ్చు" అనే అన్నారు, ఆ ఆధారం ఇంకా గట్టిది కాదని కూడా రాశారు.

ఇంకో సంగతి. మందును పరీక్షించేటప్పుడు చీట్లు వేసి సగం మందికి అసలు మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్తుత్తి బిళ్ళ ఇస్తారు. ఎవరు ఏది మింగారో వాళ్ళకు తెలియదు. తాయ్ చీకి ఉత్తుత్తి బిళ్ళ ఎక్కడ దొరుకుతుంది? చేస్తున్నవాడికి తాను చేస్తున్నానని తెలుసు. నేర్పేవాడి ఆప్యాయత, పదిమందితో కలిసిన సంతోషం, బాగుపడతానన్న ఆశ, ఇవన్నీ నొప్పి మీద పనిచేస్తాయి. ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా రోగులు 66 మంది మీద బోస్టన్‌లో చేసిన పరీక్ష 2010లో వచ్చినప్పుడు, ఈ చిక్కును తోటి వైద్యులే ఎత్తి చూపారు. శాస్త్రంలో నాకు నచ్చేది అదే. తమ పంటను తామే తూర్పారబట్టుకుంటారు.

ఇప్పుడు మొదటి రకం మెసేజీ పంపేవాళ్ళతో మాట్లాడతాను. అయ్యా, ఈ పరీక్షల్లో కాళ్ళ నిలకడను తూచారు, మోకాలి నొప్పిని తూచారు. మీరు అమ్ముతున్న "చీ"ని వీటిలో ఎవరు తూచారు? మనిషి చుట్టూ ఉండే శక్తిని చేతులతో పట్టుకోగలమని చెప్పే వేరే వైద్యులను అమెరికాలో ఎమిలీ రోసా అనే చిన్నపిల్ల పరీక్షించింది. అడ్డుగా ఒక అట్ట పెట్టి, తన చెయ్యి వాళ్ళ ఏ చేతి మీద ఉందో చెప్పమంది. 21 మంది కలిసి 280 సార్లు ప్రయత్నిస్తే 123 సార్లే సరిగ్గా చెప్పారు. బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతకంటే ఎక్కువ కుదిరేది. అది 1998లో పెద్ద వైద్య పత్రికలో అచ్చయింది. అది తాయ్ చీ మీద చేసిన పరీక్ష కాదు. కానీ "శక్తి" అనే మాటను ఎలా తూయాలో ఒక బడిపిల్ల చూపించింది. మోకాలి నొప్పి తగ్గిందన్న కాగితం చూపించి క్యాన్సరుకు క్లాసు అమ్మడం మోసం. క్యాన్సరు వైద్యం వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే పట్టుకున్న 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్ళతో పోల్చి 2018లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. వాళ్ళకు మరణ ప్రమాదం రెండున్నర రెట్లు ఉంది. ఈ రక్తం ఎవరి చేతుల మీద ఉంటుంది?

ఇప్పుడు రెండో రకంవాళ్ళతో. సేవకులారా, మీ భయం నాకు అర్థమవుతుంది. వేరొక ఆరాధన దొడ్డిదారిన ఇంట్లోకి వస్తుందేమోనన్న మీ జాగ్రత్త మంచిదే. అయితే కాలు మీదినుంచి కాలు మీదికి బరువు మార్చడం ఆరాధన ఎలా అవుతుంది? ఆ లెక్కన కావిడి మోసేవాడు, నాట్లు వేసే అమ్మ, అందరూ ఏదో ఒక పూజ చేస్తున్నట్టే. విగ్రహాల ముందు పెట్టిన మాంసం గురించి కొరింథు సంఘంలో ఇలాంటి తగవే వచ్చింది. పౌలు బలహీనుడి మనస్సాక్షిని గాయపరచవద్దన్నాడు, అంతేగాని మాంసంలో దయ్యం ఉందని చెప్పలేదు. ఎవరికైనా ఆ పేరే గిట్టకపోతే బలవంతం వద్దు. పైన చెప్పిన లెక్కే మనకు దారి ఇస్తోంది: నిలకడ పెంచే మామూలు వ్యాయామానికీ అంత ఫలితం ఉంది. మీరు చేయవలసింది ఆ రెండో దారి చూపించడం. ఏ దారీ చూపకుండా "చేయకూడదు" అని మాత్రమే చెప్పి వెళ్ళిపోతే, రేపు ఆ అవ్వ పడినప్పుడు ఎత్తడానికి మీరు వస్తారా?

చివరగా మనతో మనం. ఆ రాయితోనే మనల్నీ తూచుకోవాలి కదా. "ప్రార్థన పనిచేస్తుందని సైన్సు రుజువు చేసింది" అని మనవాళ్ళు వేదికల మీద చెప్పడం నేను విన్నాను. అమెరికాలో ఆరు ఆసుపత్రుల్లో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1802 మంది మీద హెర్బర్ట్ బెన్సన్ అనే వైద్యుడి బృందం చేసిన పరీక్ష 2006లో వెలువడింది. ఎవరి కోసం ప్రార్థిస్తున్నారో చెప్పకుండా ప్రార్థించిన గుంపులో 52 శాతం మందికి ఆపరేషన్ తరువాత చిక్కులొచ్చాయి. ఆ ప్రార్థన గుంపులు ప్రార్థించనివాళ్ళలో 51 శాతం. మీ కోసం తప్పక ప్రార్థిస్తున్నారని ముందే చెప్పినవాళ్ళలో 59 శాతం. ఇది దాచవలసిన సంగతి కాదు. నేను రేపూ రోగుల మంచం దగ్గర మోకాళ్ళూనుతాను. తండ్రి దగ్గరికి బిడ్డ వెళ్ళడం కాటా మీద పెట్టే సరుకు కాదని నమ్ముతాను కాబట్టి వెళ్తాను. కానీ సైన్సు పేరు చెప్పి నా ప్రార్థనను అమ్మను. చీ అమ్మేవాడు చేస్తే మోసం, మనం చేస్తే సువార్త అవుతుందా?

కాబట్టి ప్రియులారా, ఈ వారం మూడు పనులు చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళు నడకలో తూలుతుంటే, డాక్టరుకో ఫిజియోథెరపిస్టుకో చూపించి, నిలకడకు, కాళ్ళ బలానికి ఏ వ్యాయామం చేయాలో అడిగి, పక్కన మనిషి ఉండగా చేయించండి. అది తాయ్ చీ అయినా సరే, ఇంకొకటైనా సరే, వదలకుండా చేయడం ముఖ్యం. ఏ వ్యాయామం చేసినా, ఏ ప్రార్థన చేసినా డాక్టరు చెప్పకుండా బీపీ, షుగరు మాత్రలు, క్యాన్సరు వైద్యం ఆపవద్దు. మూడోది, ఏదైనా మెసేజీ ఇంకొకరికి పంపేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "నా తల్లి ఈ మాట నమ్మి నడుచుకుంటే నేను జవాబుదారీ వహించగలనా?" వహించలేకపోతే అక్కడే చెరిపేయండి.

సత్యవంతుడైన దేవుడు మన నోళ్ళను కాపాడును గాక. ఆమేన్.