కోజికోడ్ నేర్పే పాఠం

సెలవులు సమీపించగానే మన ఇళ్ళలో ఒక ప్రశ్న తలెత్తుతుంది: ఈసారి పిల్లలను ఎక్కడికి తీసుకువెళ్ళాలి? ప్రకృతి సౌందర్యం, నిశ్చింతగా తినగల హలాల్ భోజనం, పిల్లల మనసులో నిలిచిపోయే చరిత్ర, ఈ మూడూ ఒకేచోట కావాలనుకునే కుటుంబాలకు మేము కేరళ తీరంలోని కోజికోడ్ నగరాన్ని సూచిస్తాము. మన పెద్దలకు ఇది కాలికట్ అనే పేరుతోనే ఎక్కువ పరిచయం. గత శీతాకాలంలో కుటుంబ సమేతంగా అక్కడ ఐదు రోజులు గడిపే భాగ్యాన్ని అల్లాహ్ మాకు ప్రసాదించాడు. భూమిపై సంచరించి ఆలోచనతో చూడమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల పురికొల్పుతుంది. అలా చూసినప్పుడు మాకు అర్థమైన ఒక విషయాన్ని పాఠకులతో పంచుకోవడమే ఈ నెల మా ఉద్దేశం.

రేణిగుంట మీదుగా వెళ్ళే రైలు పాలక్కాడ్ చేరేసరికి పడమటి కనుమలు రెండువైపులకూ తొలగి దారి ఇచ్చినట్లుంటాయి. అంత పెద్ద పర్వతశ్రేణిలో అక్కడొక విశాలమైన సందు ఉన్నది. అది దాటగానే గాలి మారుతుంది, నేల రంగు మారుతుంది, కొబ్బరితోటలు మొదలవుతాయి. షొరనూరు వద్ద భారతప్పుళ నది, కోజికోడ్ రాబోతుండగా ఫెరోక్ వద్ద చాలియార్ నది కనబడతాయి. కిటికీ పక్క చోటు కోసం పిల్లలు పోట్లాడుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

మనది తూర్పు తీరం. మన సముద్రంలోంచి సూర్యుడు ఉదయిస్తాడు. కోజికోడ్‌లో సూర్యుడు సముద్రంలోకి అస్తమిస్తాడు. అసర్ నమాజు తరువాత తీరానికి వెళ్ళి కూర్చుంటే, ఎర్రని బింబం నీటిలో పూర్తిగా మునిగేదాకా కళ్ళారా చూడవచ్చు. ఆ వెంటనే వెనుకనున్న వీధులలోంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. నమాజు వేళలు సూర్యుని గమనంతో ఎలా ముడిపడి ఉన్నాయో తరగతి గదిలో ఎన్నిసార్లు బోధించినా, ఆ తీరాన పిల్లలకు అది క్షణంలో బోధపడుతుంది.

ఈ తీరానికే 1340వ దశకంలో ఇబ్నె బతూతా వచ్చారు. ఆయన వచ్చిన సమయంలో రేవులో 13 చైనా ఓడలు లంగరు వేసి ఉన్నాయట. యెమెన్, పర్షియా, సింహళం, జావా దేశాల వర్తకులు ఇక్కడ కలుసుకునేవారు. మిరియాలు, అల్లం, ఏలకుల కోసం లోకమంతా ఈ రేవుకు వచ్చేది. పాలకులు సామూతిరి రాజులు; చరిత్ర గ్రంథాలు వారినే జామొరిన్ అంటాయి. వారు హిందువులు. వారి నీడలోనే ముస్లిం వర్తకులు నిర్భయంగా వ్యాపారం చేసుకున్నారు, మస్జిదులు కట్టుకున్నారు.

తీరానికి సమీపాననే కుట్టిచ్చిరా అనే పాత ముస్లిం పేట ఉన్నది. మధ్యలో పెద్ద కోనేరు, చుట్టూ పాతకాలపు పెద్ద ఇళ్ళు. ఆ ఇళ్ళలో ఒక వింత ఆచారం నేటికీ కనబడుతుంది: పెళ్ళయిన తరువాత అమ్మాయి అత్తవారింటికి వెళ్ళదు, అల్లుడే అత్తవారింటికి వస్తాడు. కోనేటి చెంతనే మిష్కాల్ మస్జిదు ఉన్నది. యెమెన్ నుండి వచ్చిన నాఖుదా, అంటే ఓడల యజమాని, మిష్కాల్ అనే ఆయన 14వ శతాబ్దంలో దీనిని కట్టించారు. దానిని చూడగానే మా చిన్నబ్బాయి, "అబ్బా, ఇది మస్జిదేనా? మినార్లు ఏవీ? గుంబద్ ఏదీ?" అని అడిగాడు. వాడి ప్రశ్న సహజమే. అంతస్తులు అంతస్తులుగా పెంకుటి కప్పులు, చెక్కిన కొయ్య స్తంభాలు, నీలం రంగు వేసిన చెక్కపని; చూపులకు అది కేరళ దేవాలయాలను, పాత భవనాలను పోలి ఉంటుంది. ఎడతెగని వర్షాలు కురిసే ఆ నేలకు ఏటవాలు పెంకుల కప్పే తగినది. అక్కడి వడ్రంగులకు చేతనైనది కొయ్యపని. వారు తమకు తెలిసిన విద్యతో అల్లాహ్ గృహాన్ని కట్టారు. కిబ్లా మారలేదు, సజ్దా మారలేదు; కప్పు మాత్రం ఆ నేలది.

1498లో వాస్కో డ గామా ఈ నగరానికి ఉత్తరాన ఉన్న కప్పాడ్ వద్ద దిగాడు. పన్నెండేళ్ళకు, 1510లో, అల్బుకర్క్ నాయకత్వంలో పోర్చుగీసువారు నగరంపై దాడిచేసి ఈ మస్జిదుకు నిప్పుపెట్టారు. నాటి మంటల గుర్తులు పై అంతస్తులో నేటికీ ఉన్నాయని స్థానికులు చెబుతారు. 1571లో సామూతిరి సైన్యం, ముస్లిం యోధులు కలిసి సమీపంలోని చాలియం వద్ద పోర్చుగీసు కోటను పట్టుకున్నారు. ఆ విజయాన్ని గూర్చి కోజికోడ్ ఖాజీ ముహమ్మద్ గారు 'ఫత్‌హుల్ ముబీన్' అనే అరబీ కావ్యం రచించి, అందులో ఆ హిందూ రాజును మనసారా ప్రశంసించారు. నేటి పిల్లలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఆ ఐదు రోజులూ మేము ఒక మిత్రుని ఇంట బస చేశాము. ముప్పై ఏళ్ళ క్రితం ఉత్తరాదిలోని మదర్సాలో మాతోపాటు చదువుకున్నవారు. కేరళ ముస్లింలలో అత్యధికులవలె వారిది షాఫిఈ మజ్‌హబ్, మాది హనఫీ. అసర్ అజాన్ మన వేళకంటే చాలా ముందే వినిపించేసరికి మా ఇంటివారు గడియారం చూసుకున్నారు. ఫజ్ర్ నమాజు రెండవ రకాతులో ఇమామ్ రుకూ నుండి లేచి చేతులెత్తి ఖునూత్ చదివినప్పుడు మా అబ్బాయిలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు నిశ్శబ్దంగా నిలబడితే చాలునని, ఇమామ్ షాఫిఈ, ఇమామ్ అబూ హనీఫా ఇద్దరూ మనకు గౌరవనీయులేనని తరువాత వారికి వివరించాము.

ఇక భోజనం. కోజికోడ్ బిర్యానీలో మన బాస్మతి ఉండదు. కైమా అనే చిన్నగింజ సువాసన బియ్యంతో దమ్ పెడతారు. కారం తక్కువ, పరిమళం ఎక్కువ. పలుచని బియ్యప్పిండి రొట్టె పత్తిరి, కొబ్బరి కూరి వేయించే అరటిపండు వంటకం ఉన్నక్కాయ, నిమ్మరసం పిండిన పాలులేని సులైమానీ టీ, మిఠాయి తెరువు అనే బజారులో కొబ్బరినూనెతో చేసే రంగురంగుల హల్వా: దేనిని చెప్పి దేనిని విడువగలం! ఒకనాటి రాత్రి మా మిత్రుని ఇంటివారు ఎంతో శ్రమపడి అరిక్కడుక్క వండారు. ఆల్చిప్పలను పోలిన కల్లుమ్మక్కాయలలో బియ్యప్పిండి ముద్దను కూరి, ఉడికించి వేయించే వంటకమది. షాఫిఈ మజ్‌హబ్‌లో అది హలాల్. హనఫీ ఫిఖ్‌హ్‌లో సముద్ర జీవులలో చేప మాత్రమే భోజ్యం. మేము ఇబ్బందిపడుతూ ఉండగానే మా మిత్రుడు నవ్వి, "మౌలానా, మీ కోసం చేపల పులుసు వేరుగా ఉన్నది. నాలుగేళ్ళు మీ పక్కన కూర్చుని చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా?" అన్నారు. వారు తమది తిన్నారు, మేము మాది తిన్నాము. దస్తర్‌ఖాన్ ఒక్కటే. అభిప్రాయ భేదాల మర్యాదను గూర్చి మేము చదివిన గ్రంథాలన్నిటి సారమూ ఆ రాత్రి ఆ దస్తర్‌ఖాన్ మీద కనబడింది.

అన్నిటికంటే మమ్ములను ఆలోచింపజేసినది వారి భాష. ఆ ఇంట తల్లి ఉమ్మ, తండ్రి ఉప్ప. దువా అర్థాన్ని పిల్లలకు చెప్పేది మలయాళంలో, ఖుర్ఆన్ వ్యాఖ్యానం చదివేది మలయాళంలో. శతాబ్దాల క్రితమే వారి పండితులు మలయాళ ధ్వనులకు సరిపడే విధంగా అరబీ అక్షరాలకు చుక్కలు చేర్చి అరబీ మలయాళ లిపిని రూపొందించుకున్నారు. అంతకుముందు పేర్కొన్న ఖాజీ ముహమ్మద్ గారే 1607లో ఆ లిపిలో 'ముహియిద్దీన్ మాల' రచించారు. పండితుల కోసం అరబీలో వ్రాసిన కలమే, ఇంట్లోని స్త్రీలకూ పిల్లలకూ అర్థం కావాలని వారి మాతృభాషలోనూ వ్రాసింది. పక్కనున్న బేపూర్‌లో నివసించిన వైకం ముహమ్మద్ బషీర్ గారు ముస్లిం ఇళ్ళలోని ఉమ్మలు, ఉప్పలు మాట్లాడే మాటలనే మలయాళ సాహిత్యంలోకి తెచ్చి, కేరళమంతా ప్రేమించే రచయిత అయ్యారు. 2023లో యునెస్కో కోజికోడ్‌ను సాహిత్య నగరంగా గుర్తించింది. భారతదేశంలో ఆ గౌరవం పొందిన మొదటి నగరం అదే.

ఇప్పుడు మన ఇళ్ళను తలచుకుందాం. ఉర్దూ మనకు ఎంతో ధార్మిక సంపదను ఇచ్చింది. మేము దీన్ నేర్చుకున్నదీ ఆ భాషలోనే. ఆ రుణం తీరనిది. అయితే ఇంట తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు ఆంధ్ర, తెలంగాణలలో ఎన్నో ఉన్నాయి. పెళ్ళి సంబంధాల వేళ, "వాళ్ళకు ఉర్దూ రాదట" అనే మాట ఒక లోపంవలె ఎందుకు వినబడుతున్నది? ఆ మాట విని తలవంచుకునే తల్లిని మేము చూశాము. మా మదర్సాలో సూరాలు చక్కగా వల్లెవేసే పిల్లవాణ్ణి అర్థం అడిగితే ఉర్దూ వాక్యాన్ని వల్లిస్తాడు. దాని అర్థమేమిటని తెలుగులో అడిగితే మౌనం వహిస్తాడు. ప్రతి ప్రవక్తనూ ఆయన జాతి భాషలోనే పంపినట్లు ఇబ్రాహీమ్ సూరా తెలుపుతున్నది; సందేశం స్పష్టంగా అర్థం కావాలన్నదే అందులోని ఉద్దేశం. మన భాషలు వేర్వేరుగా ఉండటాన్ని రూమ్ సూరా అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొన్నది. అల్లాహ్ సూచనగా చెప్పినదానిని మనం లోపంగా ఎంచడం తగునా?

తెలుగుకు ఈ బాటలో పూర్వులు లేకపోలేదు. చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా గారు తెలుగు కవులలో కవిగా నిలిచారు. మనం కొత్తగా దారి వేయనక్కరలేదు, ఉన్న దారిన నడిస్తే చాలు.

కోజికోడ్ వెళ్ళదలచినవారికి రెండు మాటలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షాలు అధికం, శీతాకాలం అనుకూలం. మిఠాయి తెరువుతోపాటు, టేకు కొయ్యతో ఉరు అనే పెద్ద పడవలను నేటికీ చేతులతో కట్టే బేపూర్‌ను పిల్లలకు చూపించండి. పదిహేను రోజులకు తక్కువ ఉండే ప్రయాణికులు హనఫీ మజ్‌హబ్ ప్రకారం నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తారు. స్థానిక ఇమామ్ వెనుక మాత్రం పూర్తిగా చేయాలి. తిరిగి వచ్చాక వారానికి ఒక రాత్రి ఇంటిల్లిపాదీ కూర్చుని, పిల్లలకు కంఠస్థమైన ఒక చిన్న సూరా అర్థాన్ని తెలుగులో చెప్పుకోండి. మొదట తల్లి చెప్పాలి, తరువాత పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి.

అల్లాహ్ మన ప్రయాణాలను జ్ఞానానికి మార్గంగా చేయుగాక, మన మాతృభాషలో తన సందేశాన్ని గ్రహించే హృదయాలను మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.