పేరు అరకుది, ప్రతిఫలం ఎవరిది?

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాలు నడిపే తెలుగు నేత కార్మికునికి నూలు ధరకూ చీర ధరకూ నడుమ గల అంతరం తెలియనిది కాదు. అటువంటి అంతరమే అరకు కాఫీ రైతునూ వెన్నాడుతోంది. తూర్పు కనుమల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ గిరిజనులు పండిస్తున్న అరబికా రకానికి 2017లో పారిస్‌లో విక్రయశాల వెలసింది. 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. రొబస్టా చేదుకు భిన్నమైన దాని పరిమళానికి దక్కిన గౌరవమది. కీర్తి సరే, ప్రతిఫలం మాటేమిటి?

కాఫీ రుచినీ ధరనూ నిర్ణయించేది చెట్టు ఒక్కటే కాదు. పండిన కాయలను కోసిన రోజే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెడితే పార్చ్‌మెంట్. పండును పండుగానే ఎండబెడితే చెర్రీ. మొదటిదానికి ధర ఎక్కువ. కానీ పల్పింగ్ యంత్రం, నీరు, కళ్లం అందుబాటులో లేని రైతుకు రెండవదే దిక్కు. కాఫీ బోర్డు ఉమ్మడి విక్రయ విధానం 1996లో ముగిశాక, బేరమాడే శక్తి లేని చిన్న రైతు దళారీ చెప్పిన ధరకు తలవంచక తప్పని పరిస్థితి ఏర్పడింది. గిరిజన సహకార సంస్థ కొనుగోళ్లు కొంత ఊరట మాత్రమే.

పల్పింగ్ కేంద్రాలను గూడేల చేరువకు తేవడం, కొన్న సరుకుకు సకాలంలో సొమ్ము చెల్లించడం ప్రభుత్వ కనీస బాధ్యత. ఫిల్టరులో డికాక్షన్ బొట్టుబొట్టుగా దిగితేనే రుచి. రైతుకు చేరే సొమ్ము కూడా అలాగే దిగుతుంటే అది అన్యాయం.