గంట పరీక్షతోనే ‘స్థిరం’ అనేద్దామా?

కొత్త ప్రాసెసర్ మార్కెట్లోకి రాగానే సమీక్షలు వరుస కడతాయి. చాలామంది వాటిలో ముందుగా వెతికేది ఓవర్‌క్లాకింగ్ సంగతి. అంటే, తయారీదారు నిర్ణయించిన వేగాన్ని మించి ఆ చిప్‌ను ఎంతవరకు పరుగెత్తించవచ్చన్నది. అక్కడ ఫలానా వేగం దగ్గర ‘స్థిరంగా పనిచేసింది’ అని ఒక వాక్యం ఉంటుంది. ఎంతసేపు పరీక్షించారు? ఏ పని చేయించారు? గదిలో ఎంత వేడి ఉంది? ఈ మూడూ చెప్పని అంకెను కొలతగా తీసుకోకూడదని నా అభిప్రాయం.

5 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే చిప్‌లో ఒక్కో క్లాక్ టిక్‌కు దొరికే సమయం సెకనులో 500 కోట్లవ వంతు. అంతలో కాంతి సైతం 6 సెంటీమీటర్లే వెళ్లగలదు. ఆలోగా సంకేతం చేరాల్సిన చోటికి చేరకపోతే లెక్క తప్పుతుంది. వోల్టేజి పెంచితే సంకేతం త్వరగా చేరుతుంది కానీ వేడి పెరుగుతుంది. వేగాన్ని, వోల్టేజిని చెరో 10 శాతం పెంచితే, ట్రాన్సిస్టర్ల స్విచింగ్‌కు అయ్యే విద్యుత్తు సుమారు 33 శాతం పెరుగుతుంది.

లెక్క తప్పిన ప్రతిసారీ కంప్యూటర్ ఆగిపోదు. తప్పు జవాబునే ఒప్పు జవాబులా ఫైల్లో రాసేసి ముందుకు సాగిపోవచ్చు. అసలు ప్రమాదం ఇదే. మెర్సెన్ ప్రధాన సంఖ్యల కోసం 1996లో మొదలైన ‘గింప్స్’ ప్రాజెక్టు వారికి ఈ సంగతి బాగా తెలుసు. సుదీర్ఘంగా సాగే లెక్కలో ఒక్క అంకె తప్పినా శ్రమంతా వృథా. అందుకే వారి ప్రైమ్95 ప్రోగ్రామ్‌లో, జవాబు ముందే తెలిసిన లెక్కలను చిప్‌తో చేయించి సరిపోల్చే పరీక్ష ఉంది. సమీక్షకులు దాన్నే అరువు తెచ్చుకున్నారు.

పరీక్ష మంచిదే, కానీ ఎంతసేపు? సగటున 20 నిమిషాలకో తప్పు చేసే చిప్‌ను తీసుకోండి. తప్పులు యాదృచ్ఛికంగా వస్తాయనుకుంటే, అలాంటి చిప్ కూడా ఇరవైలో ఒకసారి గంట పరీక్షను తప్పు లేకుండా దాటేస్తుంది. 24 గంటలు పరీక్షించినా, సగటున 8 గంటలకో తప్పు చేసే చిప్‌కు అదే అవకాశం ఉంటుంది. అస్థిరతను ఒక్క తప్పుతో నిరూపించవచ్చు. స్థిరత్వాన్ని మాత్రం పూర్తిగా నిరూపించలేం.

చేయించే పని కూడా ముఖ్యమే. 2000 జులైలో ఇంటెల్ 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3ను విడుదల చేసింది. అది లైనక్స్ కెర్నల్‌ను కంపైల్ చేయడంలో విఫలమవుతోందని టామ్స్ హార్డ్‌వేర్‌కు చెందిన థామస్ పాబ్స్ట్ బయటపెట్టారు. మరికొందరు సమీక్షకులూ అస్థిరతను గమనించారు. ఆగస్టు చివరికల్లా ఇంటెల్ ఆ చిప్‌ను వెనక్కి తీసుకుంది. ఓవర్‌క్లాక్ చేయని, కంపెనీయే నిర్ణయించిన వేగానికే ఈ గతి పట్టింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్ని వాడుతుండగా అస్థిరంగా మారాయి. అధిక వోల్టేజి ఇందులో ఒక కారణమని తేలి, 2024లో కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఈరోజు నెగ్గిన చిప్ వచ్చే ఏడాదీ నెగ్గుతుందన్న హామీ లేదు.

ఇక మన ఎండల మాట. ఫ్యాన్‌తో పనిచేసే కూలర్ చిప్‌ను గదిలోని గాలికన్నా చల్లబరచలేదు. 22 డిగ్రీల ఏసీ గదిలో తేలిన అంకెను నమ్ముకుని, మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 40 డిగ్రీల గదిలో అదే వేగం పెడితే, చిప్ కూడా దాదాపు ఆ 18 డిగ్రీలు అదనంగా వేడెక్కుతుంది. అక్కడ నెగ్గిన వేగం ఇక్కడ నెగ్గకపోవచ్చు.

సమీక్షకులకు గడువు తక్కువ, చేతికి వచ్చేది తరచూ ఒక్క చిప్పే. నిజమే. అందుకే నేను అడుగుతున్నది రోజుల తరబడి పరీక్షించమని కాదు. ప్రోగ్రామ్ పేరు, పరీక్షించిన సమయం, వోల్టేజి, కూలర్, గది ఉష్ణోగ్రత రాయమని మాత్రమే. ‘స్థిరంగా ఉంది’ అనే బదులు ‘ఇన్ని గంటల్లో తప్పు కనబడలేదు’ అంటే చాలు. దాచుకున్న డబ్బుతో కంప్యూటర్ కొనుక్కుని, దానిమీదే ప్రాజెక్టు పని చేసుకునే విద్యార్థికి ఆ ఒక్క వాక్యం అక్కరకొస్తుంది.