కషాయంతో పాటు మరుగుదొడ్డీ కావాలి

మూత్రంలో మంట అనగానే రంగారెడ్డి జిల్లా కొంగరకలాన్‌ లాంటి ఊళ్లలో పెద్దవాళ్లు బార్లీ నీళ్లు, ధనియాల కషాయం, కొండపిండి ఆకు, పల్లేరు కాయలు చెబుతారు. బీడు భూముల్లో కాళ్లకు గుచ్చుకునే ఆ పల్లేరే ఆయుర్వేదంలో గోక్షురం. వీటిని నేను కొట్టిపారేయను. నీళ్లు బాగా తాగితే మంట కొంత తగ్గుతుంది. కానీ చలిజ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే ఇన్‌ఫెక్షన్‌ కిడ్నీల దాకా పాకి ఉండొచ్చు. అప్పుడూ, మూత్రంలో రక్తం కనిపించినా ఆసుపత్రికి వెళ్లకుండా ఆగకూడదు, గర్భిణులైతే ఒక్క పూట కూడా. ప్రభుత్వ ఆసుపత్రిలో మూత్ర పరీక్ష ఉచితమే. అయితే ఈ మంటకు పనిచోటూ ఒక కారణమే. 2022లో జిల్లా కలెక్టరేట్‌ వచ్చిన కొంగరకలాన్‌ చుట్టూ కట్టడాలు పెరుగుతున్నాయి. పొలంలోనో, కట్టడం దగ్గరో చాటు లేక, దాహం చంపుకుని పొద్దంతా బిగపట్టుకునే కూలి తల్లులకు ఏ కషాయం సరిపోతుంది? వాళ్లకు పనిచోటే మరుగుదొడ్డి, తాగునీరు కావాలి.